కళ్ళద్దాల తొట్టి

మార్చి 3

కళ్ళద్దాల షాపు యజమానురాలూ, మా నాన్నకు అక్కా, నాకు అత్తా, నన్ను ఈ పరిశోధనలోకి తోసిన కేసులో మొదటి ముద్దాయీ అయిన నీకు,

ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానో చెప్పే ముందు, రాస్తున్నందుకే క్షమాపణ కోరుతున్నాను. వంశం పరువు గంగలో కలిపినందుకు, గురుద్రోహం చేసినందుకు, మూడేళ్ళుగా ఎవరూ గట్టిగా తుమ్మని ఒక పవిత్రమైన గదిలో అలజడి రేపినందుకు, ఆ మహాపాపంలో నీ తొట్టిని భాగస్వామిని చేసినందుకు నీ కాళ్ళ మీద పడుతున్నాను. పడ్డాననే అనుకో. కాగితం మీద ఇంతకంటే కిందికి పడటం కుదరదు.

ఇక నేరం వివరాలు.

నేను స్ఫటికాలు పెంచుతున్నానని చెప్పిన దగ్గరనుంచీ, మావాడు వజ్రాలు పండిస్తున్నాడని నువ్వు షాపుకొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతున్నావట. మావయ్య మొన్న ఫోన్లో చెప్పి నవ్వాడు. వజ్రాలు కాదత్తా, ప్రొటీను. మందుల్ని నమిలి ఉమ్మేసే ఒక మొండి క్రిమి ఉంది. అది ఆ నమిలే పని ఒక ప్రొటీనుతో చేస్తుంది. ఆ ప్రొటీను ఆకారం తెలిస్తే దాని నోరు మూయించే మందు ఆలోచించవచ్చు. కానీ అది మైక్రోస్కోపుకి కూడా ఆనదు. కోట్లకొద్దీ ప్రొటీన్లు బడిపిల్లల్లా వరస కట్టి, ఉప్పు రవ్వంత స్ఫటికంగా నిలబడితే, అప్పుడు ఎక్స్‌రేలు వేసి ఆకారం లెక్కగట్టాలి. అందుకని ప్రొటీను నీళ్ళను ట్రేల్లో చిన్న చిన్న బొట్లుగా పెట్టి, మూసి, ఎదురుచూస్తాం. ఎదురుచూడటమే మా చదువు.

మా ప్రొటీను అలిగిన అల్లుడు. బతిమాలినా రాలేదు, బెదిరించినా రాలేదు. కదిలిస్తే అలుగుతుందని ప్రొఫెసర్‌గారి సిద్ధాంతం. అందుకని తలుపుకి స్పాంజి. చెప్పులు బయట. ఫ్రిజ్‌ని పక్క గదికి తరిమేశారు. టిక్కు టిక్కుమంటోందని గోడ గడియారానికి బ్యాటరీ పీకేశారు, కాబట్టి మా గదిలో ఎప్పుడు చూసినా నాలుగుంబావే. ఆ ట్రేలకు కాపలా మా సీనియర్ అక్క. మేమంతా ఆవిణ్ణి మౌనవ్రతం అక్క అంటాం. ఆవిడకి తెలుసు. ఏమీ అనదు. అందుకే కదా ఆ పేరు.

నా హాస్టల్ గదిలో ప్లగ్గు పెడితే వార్డెన్ ఊరుకోడు గనక నువ్విచ్చిన, అద్దాలు కడిగే కరెంటు తొట్టి ప్రయోగశాల ముందుగదిలో నా బల్ల మీద ఉంది. ట్రేలను వారానికోసారి అల్మరాలోంచి తీసి, నిద్రపోతున్న పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకొచ్చి, మైక్రోస్కోపు కింద చూసి, మళ్ళీ పడుకోబెట్టడం నా డ్యూటీ. పోయిన నెల ఒక సోమవారం, నెలల తరబడి కటిక ఉపవాసమున్న ట్రే నా చేతిలో ఉంది. నీ తొట్టి నా ముందు ఉంది. ఆ రెండూ ఒకదాన్నొకటి కలుసుకున్నాయి. స్విచ్ వేసిన చేయి నాది. ఎందుకు కలుసుకున్నాయన్నది చరిత్రకారులకు వదిలేద్దాం. ట్రేని మళ్ళీ అల్మరాలో పడుకోబెట్టేశాను.

ఆ బుధవారం మౌనవ్రతం అక్క మైక్రోస్కోపులోంచి తలెత్తి "వచ్చాయి" అంది. రెండేళ్ళలో నేను విన్న ఆవిడ మొదటి ముక్క అదే. ప్రతి బొట్టులోనూ స్ఫటికాలు. ప్రొఫెసర్‌గారు కళ్ళు తుడుచుకున్నారు. నిశ్శబ్దం గెలిచిందన్నారు. ఆ పంటను కాపలా కాసిన అక్క పేరున రాయించారు. వచ్చే నెల పెద్ద సభలో అదే చెబుతారట.

గెలిచింది నిశ్శబ్దం కాదు, మోత. అది మన చెవికి వినపడదంతే. నీ తొట్టి చేసేది అల్ట్రాసౌండ్. నీళ్ళలో సన్న బుడగలు పుట్టించి, పగలగొట్టి, అద్దాల మురికి వదిలిస్తుందని నువ్వే చెప్పావు. ఆ కుదుపే బొట్టులోకి పోయి, ఎవరికి వారు ముడుచుక్కూర్చున్న ప్రొటీన్లను ఒకదాని పక్కకి ఒకటి తోసిందని నా అనుమానం. అనుమానం తీరాలని నా సొంత ట్రేలను రెండుసార్లు తొట్టిలో తేలేసి చూశాను. రెండుసార్లూ పుట్టాయి. ఇంకొక్కసారి చూసుకుని, అప్పుడు సార్‌కి చెబుతాను. అప్పటిదాకా ఇది నీకూ నాకూ మధ్యే.

ఇట్లు,
పశ్చాత్తాపంతో కుమిలిపోతూ, రెండోసారి అన్నం వడ్డించుకుంటూ,
పిడుగు


మార్చి 9

ఒరేయ్ పిడుగూ,

నీ ఉత్తరం కౌంటర్ దగ్గర నిలబడి చదవడం మొదలుపెట్టాను. గురుద్రోహం దగ్గరికి వచ్చేసరికి కూర్చున్నాను. కళ్ళజోడు సరిచేయించుకోవడానికి వచ్చినాయన మంచినీళ్ళు ఇచ్చాడు.

ఏ పని చేసినా తప్పు ఒప్పుకున్న వంశం కాదు నీది. మీ నాన్న నా పెళ్ళిలో ఫొటోగ్రాఫర్‌ని బావిలో తోసి, ఆయనే దూకాడన్నాడు. అలాంటివాడి కొడుకువి కాళ్ళ మీద పడుతున్నానని రాశావంటే ఎంత ముంచి ఉంటావో నాకు తెలియదా. చివర్లో ఏవో స్ఫటికాలు పుట్టాయని రాశావు. నన్ను ఊరడించడానికి రాశావులే. చిన్నప్పుడు టీవీ పగలగొట్టినప్పుడు కూడా "అత్తా, రేడియో మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది" అన్నావు.

ఉత్తరమే ఎందుకు రాయమంటానో ఇప్పుడు తెలిసిందా. ఫోన్లో జోకులేసి జారుకుంటావు. కాగితం మీద దొరికిపోతావు.

నువ్వు కంగారు పడకు. పెద్దవాళ్ళం ఉన్నది ఎందుకు? మీ ప్రొఫెసర్‌గారికి నేనే రాసేశాను. "మా పిల్లవాడు మీ పవిత్రమైన గదిలో కళ్ళద్దాలు కడిగే తొట్టి పెట్టి, మీ ట్రేలను కుదిపి పాడుచేశాడు. తల్లి లేని పిల్లవాడు, పెంచింది నేను, తప్పు నాది. తొట్టి వెనక్కి తెప్పించుకుంటాను. వాణ్ణి మాత్రం తీసేయకండి" అని. మీ మావయ్య చదివి, మరీ అంత వంగాలా అన్నాడు. వంగితే వంగాను, నడుం నాది.

ఇంకో మాట. ఆ తొట్టిని నీకిచ్చింది ఘనకార్యాలు చేయమని కాదు, కళ్ళద్దాలు కడుక్కోమని. పోయినసారి వచ్చినప్పుడు నీ అద్దాల మీదున్న వేలిముద్రలతో పోలీసులు పది కేసులు తేల్చేసేవాళ్ళు. గీత దాకా నీళ్ళు పొయ్యి, అద్దాలు వెయ్యి, మూత పెట్టు, అప్పుడు స్విచ్ వెయ్యి అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఒక్కసారైనా కడిగావా?

అత్త


మార్చి 16

శరణు అత్తా,

నీ ఉత్తరం నాకు శనివారం అందింది. సార్‌కి శుక్రవారమే అందింది. ఆ ఒక్కరోజులో నా జాతకం మారిపోయింది.

పిలిపించారు. ఆయన బల్ల మీద నీ షాపు కాగితం. పైన కళ్ళజోడు బొమ్మ నవ్వుతోంది. ఆ గదిలో ఇంకెవరూ నవ్వడం లేదు.

"ఏమిటిది?" అన్నారు గుసగుసగా. మా దగ్గర కోపం కూడా గుసగుసగానే వస్తుంది.

"మా అత్త ఉత్తరం సార్."

"కనిపిస్తూనే ఉంది. తొట్టి ఏమిటి?"

"కళ్ళద్దాలు కడిగేది సార్."

"నా ట్రేల్లో కళ్ళద్దాలున్నాయా?"

అత్తా, నీకు దణ్ణం పెడతాను. నా క్షమాపణ వేళాకోళం. స్ఫటికాలు నిజం. నువ్వు వేళాకోళాన్ని నమ్మి నిజాన్ని కొట్టిపారేశావు. పాడైపోయిన ట్రే ఒక్కటీ లేదు. ఉన్నదల్లా పండిన ట్రే. అది తన సిద్ధాంతం వల్ల పండిందని ఆయన ఊరంతా చెప్పుకున్నాక, దాన్ని కళ్ళద్దాల తొట్టి కుదిపిందని నువ్వు రాశావు, అదీ క్షమాపణ రూపంలో.

ఇక దాచి లాభం లేదని నా రెండు ట్రేలు తెచ్చి చూపించాను. ఆయన చూడనైనా చూడలేదు.

"కాకతాళీయం," అన్నారు. "కాకి వాలింది, తాటిపండు పడింది. రాలే రోజు వచ్చిన పండు అది. నువ్వు కాకివి."

"కాకి మూడుసార్లు వాలింది సార్. మూడుసార్లూ పండు పడింది."

మౌనవ్రతం అక్క అక్కడే ఉంది. నేల చూపులు చూస్తూ నిలబడింది. ఒక్క ముక్క మాట్లాడలేదు. నాకు ఒళ్ళు మండింది.

ఆయన ఒక కాగితం టైపు చేయించారు. రెండే వాక్యాలు. ఒకటి, అనుమతి లేకుండా ట్రేని కదిలించినందుకు మన్నించమని. రెండు, ఆ స్ఫటికాలకూ తొట్టికీ ఏ సంబంధమూ లేదని. మొదటిదానికి సంతకమేం ఖర్మ, చుట్టూ పువ్వులూ లతలూ కూడా వేసిస్తానన్నాను. రెండోదానికి చచ్చినా పెట్టనన్నాను. నెలాఖరులోపు రెండింటికీ కలిపి పెట్టకపోతే నా సీటు పోతుంది. రెండేళ్ళ పని, నా పేరు, అంతా ఆ అల్మరాలోనే ఉండిపోతుంది, నేను మాత్రం బయటికి. తొట్టిని స్టోర్ గదిలో పెట్టి తాళం వేశారు.

ఆయన చెడ్డవాడు కాదత్తా. ఆ గది కట్టుకోవడానికి ఎందరి కాళ్ళో పట్టుకున్నాడు. కానీ ఉన్నది లేదని రాయమంటే నా చేతికి ఆ అక్షరాలు రావు. నాకు క్షమాపణలు రాయడం ఎంత బాగా వచ్చో నీకు తెలుసు. ఇది మాత్రం రాయను.

ఇట్లు,
కాకి


మార్చి 22

ఒరేయ్,

పొగరు తగ్గించుకో. రెండు వాక్యాలకు సంతకం పెడితే చెయ్యి అరిగిపోతుందా? ఆ పెద్దాయన మాట ఆయనకి వదిలెయ్యి. సంబంధం లేదన్నంత మాత్రాన ఉన్న సంబంధం ఎక్కడికి పోతుంది? డిగ్రీ చేతికొచ్చాక నీ ఇష్టమొచ్చినట్టు చాటింపు వేయించుకో. ఎన్నిసార్లు నేను మింగలేదు? షాపు పెట్టిన కొత్తలో, ఆడది అద్దం అరగదీస్తే చూపు పోతుందని ఎదురు షాపువాడు ప్రచారం చేశాడు. నవ్వి ఊరుకున్నాను.

ఇంకొకటి. ఆ మౌనవ్రతం పిల్లని నమ్మకు. నీ పంట తన పేరున రాయించుకుని నోరు మూసుకుని కూర్చుంది చూడు. మాట్లాడనివాళ్ళ దగ్గరే జాగ్రత్తగా ఉండాలి. మీ మావయ్యతో నా అనుభవం అది.

కాబట్టి రేపే వెళ్ళి సంతకం

ఇక్కడిదాకా పొద్దున రాశాను. ఇప్పుడే పోస్టు వచ్చింది. మీ ప్రొఫెసర్‌గారి జవాబు. మర్యాదగానే రాశారు. నా ఆవేదన అర్థమైందట. నువ్వు తెలివైనవాడివేనట. చివర మాత్రం ఇలా ఉంది: "దయచేసి ఇకమీదట అతనికి ఇలాంటి ఆటబొమ్మలు పంపకండి."

ఆటబొమ్మ.

నా షాపులో రోజూ ఎన్ని అద్దాలు ఆ ఆటబొమ్మలో మునిగి లేస్తాయో ఆయనకేం తెలుసు? ముక్కు దిమ్మల సందులో, మర కొసల్లో, ఏ బ్రష్షూ పోని చోట పట్టిన జిడ్డును అది వదిలిస్తుంది. నేను చేత్తో అరగంట తోమినా వదలనిది అది చూస్తుండగా వదిలిస్తుంది. నీళ్ళ అడుగున అది ఎంత పని చేస్తుందో నేను రోజూ వేళ్ళతో పట్టుకుని చూస్తున్నాను, జిలజిలమంటుంది. ప్రొటీనుని కదిలించలేదని ఆయన ముట్టుకోకుండానే ఎలా తేల్చాడు?

ఎదురు షాపువాడి సంగతి పైన సగమే రాశాను. నవ్వి ఊరుకున్నమాట నిజం. ఆ మర్నాడు వాడి అమ్మ నా దగ్గరికే వచ్చి కళ్ళజోడు చేయించుకుంది. ఆవిడ కొడుకు షాపు ముందే నిలబడి, ఇన్నాళ్ళకి బోర్డు మీద అక్షరాలు కనపడ్డాయి అని అరిచి చెప్పింది. అప్పుడు నవ్వాను.

సంతకం పెట్టావో, నా గడప తొక్కకు. పాత తొట్టి వాళ్ళ తాళంలో ఉంటే ఉండనీ. నా కొత్త తొట్టి పార్సిల్ వేస్తున్నాను. షాపులో నాలుగు రోజులు చేత్తోనే తోముతాను. ఆయన కళ్ళ ముందే, ఆయన చేతనే స్విచ్ వేయించు.

నీ కళ్ళద్దాల సంగతికి మాత్రం ఇంకా జవాబు లేదు. కడిగావా?

అత్త


మార్చి 30

అత్తా,

తొందరలో రాస్తున్నాను. తొట్టి క్షేమంగా చేరింది. దానిచుట్టూ నువ్వు చుట్టిన మావయ్య చొక్కాలు కూడా చేరాయి, ఆయనకి తెలుసో లేదో.

మౌనవ్రతం అక్క గురించి నువ్వు రాసిందీ, నేను అనుకున్నదీ రెండూ తప్పు. నిన్న నేను సంతకం లేని కాగితం తీసుకుని సార్ గదికి వెళ్ళేసరికి ఆవిడ అప్పటికే లోపల ఉంది. నాకు వినపడింది ఇంతే.

"నేను చేయని పనికి నా పేరు వద్దు సార్. నేను మూడేళ్ళు ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. వాటికి నేనున్నట్టే తెలియలేదు. వాడు కదిలిస్తే వచ్చాయి. నిజమో కాదో చూద్దాం. ప్రొటీను నీళ్ళు నేను కలుపుతాను. లేదంటే నేనూ వాడితో పాటే పోతాను."

బయటికొస్తూ తలుపు వేసింది. స్పాంజి ఉన్నా సరే, మూడో అంతస్తు దాకా వినపడేట్టు వేసింది. అల్మరాలో ట్రేలన్నీ ఉలిక్కిపడి ఉంటాయి. నా పక్కనుంచి పోతూ, "నిలబడి చూస్తావేం, తొట్టి తీసుకురా" అంది.

సార్ ఒప్పుకున్నారు. ఒప్పుకున్నారని ఆయన అనలేదు, వద్దనలేదు. ఒకే గిన్నెలో కలిపిన ప్రొటీను నీళ్ళు, రెండు ట్రేలు. ఒకటి నాలుగుంబావు గదిలోకి. రెండోది నీ కొత్త తొట్టిలో నీళ్ళ మీద తేలేశాం. స్విచ్ ఆయన చేతనే వేయించాను. బల్లి తోక పట్టుకున్నట్టు పట్టుకుని వేశారు. తర్వాత అదీ ఆ గదిలోకే పోయింది. తలుపుకి తాళం వేసి తాళంచెవి ఆయన జేబులో వేసుకున్నారు.

ఏమీ పుట్టకపోతే పెట్టె సర్దుకుని వస్తాను. గడప తొక్కనిస్తావు కదా? సంతకం అయితే పెట్టలేదు.

పిడుగు


ఏప్రిల్ 4

ఏరా,

ఉత్తరం ముక్క లేదు. మీ మావయ్య రోజూ చొక్కా కోసం వెతుకుతున్నాడు, నేను రోజూ పోస్టు కోసం వెతుకుతున్నాను. ఏ సంగతైనా సరే రాయి. పుట్టకపోతే పుట్టలేదనే రాయి. గడప సంగతి నేను ఆవేశంలో అన్నాను, అది నీ గడపే.

చేత్తో తోమి తోమి వేళ్ళు పీకుతున్నాయి. అది నీకు చెప్పాలని కాదు.

కడిగావా లేదా?

అత్త


ఏప్రిల్ 7

విజయలక్ష్మికి తోబుట్టువూ, ఆటబొమ్మలకు అధిదేవతా అయిన మా అత్తకు,

ఈసారి క్షమాపణ లేదు.

మొన్న సార్ తాళం తీశారు. ముందు నిశ్శబ్దం ట్రే చూశారు. బొట్లన్నీ నీ షాపు అద్దాల్లా తళతళలాడుతున్నాయి, లోపల ఏమీ లేదు. తర్వాత తొట్టి ట్రే మైక్రోస్కోపు కింద పెట్టారు. చూశారు. చూస్తూనే ఉన్నారు. మౌనవ్రతం అక్క నా మోచెయ్యి పట్టుకుని గిల్లడం మొదలుపెట్టింది, ఆ మచ్చ ఇంకా ఉంది. ప్రతి బొట్టులోనూ స్ఫటికాలు అత్తా, ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ కాకుండా, కొలిచి పోసినట్టు అన్నీ ఒకే సైజు.

సార్ తలెత్తి, మామూలు గొంతుతో మాట్లాడారు. ఆయన అసలు గొంతు మేమెవరమూ విని ఎరగం. నేననుకున్న దానికంటే చాలా సన్నగా ఉంది.

"ఆ గడియారానికి బ్యాటరీ వెయ్యండి," అన్నారు.

అంతే. నా సంతకం కోసం కాచుక్కూర్చున్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మైక్రోస్కోపు బల్ల ఊగుతోందని దాని కాలికింద దోపారు. నా సీటు ఉంది. పెద్ద సభలో ఆయన నిశ్శబ్దం గురించి మాట్లాడరట, అక్క అల్ట్రాసౌండ్ గురించి మాట్లాడుతుందట. మాట్లాడటం మొదలుపెట్టాక ఆవిణ్ణి ఆపడం మా తరం కావడం లేదు. ప్రొటీను ఆకారం తేలడానికి ఇంకా చాలా దూరం ఉంది. ఎక్స్‌రేలకు పంపాం, అక్కడ ఇంకెంత అలుగుతుందో. నీ కొత్త తొట్టిని సార్ స్వయంగా తుడిచి పార్సిల్ చేశారు. మావయ్య చొక్కాల్లో ఒకదానికి ఇస్త్రీ కూడా చేయించారు. పాత తొట్టికి మాత్రం స్టోర్ గదిలోంచి విముక్తి కలిగించి, నాలుగుంబావు గదిలో సింహాసనం వేశారు. ఇప్పుడది తొమ్మిదిన్నర గది.

ఇక మిగిలింది ఒకటే. వ్యాసం రాయాలి. రాయాలంటే మొట్టమొదటి ట్రే సంగతి రాయాలి. సార్ పెన్ను తీసి అడిగారు.

"అందరూ కదిలించొద్దంటుంటే, కదిలించాలన్న ఆలోచన నీకెలా తట్టింది?"

అక్క కూడా నావైపే చూస్తోంది, గౌరవంగా. నా జన్మలో నన్నెవరూ అలా చూడలేదు. "సోమవారం చెబుతాను సార్" అని తప్పించుకొచ్చాను. సోమవారం ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాను, వ్యాసంలోనూ అదే ఉంటుంది. ఉన్నది లేదని రాయనని అంత గోల చేసినవాణ్ణి, లేనిది ఉందని ఎలా రాయను? ఆయన కంటే ముందు నీకు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. కూర్చుని చదువు.

నాకు ఏ ఆలోచనా తట్టలేదు. తర్వాత చేసిన ట్రేలన్నీ కావాలని చేసినవే. ఆ మొదటిది మాత్రం కాదు. గురువుని ధిక్కరించింది లేదు, సిద్ధాంతాన్ని సవాలు చేసింది లేదు. ఆ సోమవారం ట్రేని మైక్రోస్కోపు కింద పెడితే బొట్టులో ఏదో మసకగా కనిపించింది. స్ఫటికమేమోనని గుండె ఆగినంత పనైంది. ట్రే జరిపినా ఆ మసక జరగలేదు. అది బొట్టులో లేదు, నా కళ్ళద్దం మీద ఉంది. వేలిముద్ర. ట్రేని బల్ల మీద పెట్టాను. కళ్ళజోడు తీశాను. తీశాక నాకు గోడకీ గుమ్మానికీ తేడా తెలియదని నీకు తెలుసు. తొట్టిలో నీళ్ళు పోశాను, గీత కనపడక అంచుదాకా పోశాను. అద్దాలు వేశాను. తడుముకుంటే చేతికి పలకగా, చల్లగా తగిలింది, మూత అనుకుని మూసి స్విచ్ వేశాను. కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుని చూస్తే, మూత పక్కన బల్ల మీదే ఉంది. తొట్టి మీదున్నది ట్రే.

చరిత్రకారులకు వదిలేసింది అదే. నువ్వు ఉత్తరం ఉత్తరానికీ అడుగుతున్న ప్రశ్నకు జవాబూ అదే.

కడిగాను అత్తా. జీవితంలో మొదటిసారి నువ్వు చెప్పిన పని, నువ్వు చెప్పిన వరసలోనే చేశాను. నేను నిజంగా చేసిందల్లా ఆ ఒక్కటే.

ఇట్లు,
పిడుగు